గాయం ఫొటో ఎవరి భద్రతలో?

సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ చేయించుకొని ఇంటికి చేరిన పేద రోగికి, ఆ తర్వాత ప్రతి తనిఖీ ఒక రోజు కూలి నష్టమే. వాపు, చీము, అతికించిన చర్మం నల్లబడటం వంటి మార్పులను స్మార్ట్‌ఫోన్ ఫొటోలో గమనించి వైద్యులు సకాలంలో పిలిపించగలిగితే ఎంతో మేలు. 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇందుకు దారి చూపాయి. ఈ పద్ధతిని మేము స్వాగతిస్తున్నాం.

అయితే 2021లో 'సుల్లీ డీల్స్', 2022 జనవరిలో 'బుల్లీ బాయి' యాప్‌లు ముస్లిం మహిళల ఫొటోలను వేలానికి పెట్టిన సంగతి మరువలేం. రొమ్ము పునర్నిర్మాణం చేయించుకున్న సోదరి తన గాయం ఫొటో పంపడానికి జంకితే, దానిని ఛాందసమని కొట్టిపారేయడం అన్యాయం. ఆ భయం ఊరికే పుట్టలేదు.

కనుక మేము కోరేది ఇది: ఫొటోలు సిబ్బంది సొంత ఫోన్లలో కాక ఆసుపత్రి భద్రతలో ఉండాలి. మహిళల ఫొటోలను మహిళా వైద్య సిబ్బందే పరిశీలించాలి. సూచనలు రాష్ట్ర రెండో అధికార భాష ఉర్దూలోనూ అందాలి. అన్నిటికీ మించి, ఫోన్ లేనివారికీ, ఫొటో ఇవ్వడం ఇష్టం లేనివారికీ ఆసుపత్రి తలుపులు మునుపటిలాగే తెరిచి ఉండాలి.

వైద్యం హక్కు, గౌరవమూ హక్కే. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలనడం న్యాయం కాదు.