వస్తువుల వెనుక మనుషులు

ప్రదర్శనశాల అనగానే మన విద్యార్థులకు స్ఫురించేది ఒకరోజు విహారయాత్ర. బస్సు దిగడం, వరుసలో నడవడం, సంగీత గడియారం గంట కొట్టే వేళకు దాని ముందు చేరడం, ఆపై భోజనపు పొట్లాలు విప్పుకోవడం - ఇంతటితో యాత్ర ముగుస్తుంది. ఈ విద్యాసంవత్సరంలో మేమును మన విద్యార్థులను వెంటబెట్టుకొని హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియమును, బిర్లా సైన్స్ మ్యూజియమును చూచివచ్చాము. ఆ రెండుచోట్ల ఇద్దరు విద్యార్థులు అన్న మాటలు మమ్మల్ని నేటికీ వదలడం లేదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ మాటలే.

మూసీనది దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం చరిత్ర చాలామందికి విదితమే. నిజాం సంస్థానంలో ప్రధానమంత్రిగా పనిచేసిన మూడవ సాలార్‌జంగ్ నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ తన జీవితాన్ని కళావస్తువుల సేకరణకే ధారపోశారు. అవివాహితులైన ఆయన 1949లో మరణించారు. 1951 డిసెంబరు 16న ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే జవహర్‌లాల్ నెహ్రూ ఈ మ్యూజియమును ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో నేటి భవనానికి తరలింది. ఈ విధంగా ఒక ఇంటి సొత్తు ప్రజలందరి సొత్తయింది.

అక్కడ జనం గుమిగూడేది ‘మేలిముసుగు రెబెకా’ ఎదుట. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరంలో కొన్న ఈ పాలరాతి శిల్పాన్ని చెక్కినవాడు ఇటలీ శిల్పి బెంజోనీ అని అందరూ చెప్పుకొంటారు. మరి నల్లని లోహంలో వెండితీగను పొదిగిన బిద్రీ హుక్కాలను, పాందానులను తీర్చిన చేతులు ఎవరివి? ఆ పనివారు సాధారణంగా తమ పేరు చెక్కుకోలేదు. వాడిన ప్రభువు పేరు నిలిచింది గాని, చేసినవాని పేరు నిలువలేదు.

వ్రాతప్రతుల విభాగంలో మాత్రం పరిస్థితి వేరు. 13వ శతాబ్దిలో బాగ్దాదుకు చెందిన లేఖకుడు యాకూత్ అల్ ముస్తాసిమీ నస్ఖ్ లిపిలో వ్రాసిన ఖురాన్ ప్రతి అక్కడ ఉన్నది. జహంగీరు, షాజహాను, ఔరంగజేబుల సంతకాలు దానిపై ఉన్నా, ముందుగా చెప్పుకొనేది వ్రాసినవాని పేరే. ఆ సంగతి మేము వివరిస్తూ ఉండగా మన విద్యార్థి ఒకడు మెల్లగా అన్నాడు: “మా తాతగారు కూడా ఛత్తాబజారులో కాతిబు సార్. ఆయన కలాలు, సిరాబుడ్లు పోయినేడు పాత కాగితాలతోపాటు తూకానికి వేసేశాం.”

మేము నిరుత్తరులమైనాము. కంప్యూటరు రాకపూర్వం ఉర్దూ పత్రికలు, పుస్తకాలు ఈ కాతిబుల చేతివ్రాతతోనే అచ్చయ్యేవి. ఒక భాష దశాబ్దాలపాటు ఎవరి వ్రేళ్ళపై నడిచిందో, వారి కలం మ్యూజియమునకు కూతవేటు దూరాన తుక్కులో కలిసిపోయింది. ఆ కుర్రవానిని తప్పుపట్టగలమా? అది విలువైనదని వానికి చెప్పవలసినవారము మనమే గదా!

రెండవ మాట బిర్లా సైన్స్ మ్యూజియములో వినవచ్చింది. అక్కడ నిలిపిన కోటసారస్ అస్థిపంజరం గోదావరి లోయలో లభించిన రాక్షసిబల్లిది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి. ఎం. యాదగిరి 1988లో దానికి ‘కోటసారస్ యామనపల్లియెన్సిస్’ అని నామకరణం చేశారు. కనీసం 12 జంతువులకు చెందిన 840 అస్థిభాగాలు దొరికినా, తలభాగంలో రెండు పళ్ళు తప్ప మరేమీ చిక్కలేదు. గోదావరి లోయలోనే దొరికిన మరొక రాక్షసిబల్లి బరపాసారస్ నేడు కలకత్తాలోని భారత గణాంక సంస్థలో ఉన్నది. 1961లో రవీంద్రుని శతజయంతి జరిగినందున దాని పేరులో ఠాగూరు పేరు చేర్చారు.

యామనపల్లి అన్న పేరు వినగానే బొగ్గుగనుల ప్రాంతం నుండి వచ్చిన విద్యార్థిని ఆగిపోయింది. “ఆ ఊరు మా మేనత్తగారి ఊరికి దగ్గరే సార్. మాకెవ్వరూ చెప్పలేదే!” అన్నది. ప్రపంచ విజ్ఞానగ్రంథాలలోకి ఎక్కిన పల్లె పేరు, ఆ పొరుగున పెరిగిన బాలికకు పట్నంలో తెలియవలసి వచ్చింది.

ఇవన్నీ పరీక్షలకు పనికివస్తాయా అని కొందరు అడుగవచ్చు. రావు. నవాబుల విలాసవస్తువులతో పేదపిల్లలకేమి పని అనేవారూ ఉన్నారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయితే ఆ వస్తువులను చేసినవారు నవాబులు కారు. మన తాతముత్తాతలవంటి పనివారు. వారిని చూడనేర్చిన విద్యార్థి ఈ దేశచరిత్రలో తానొక అతిథినని ఎన్నడూ భావించడు. ఉర్దూ మాట్లాడే ఇంటి నుండి వచ్చి తెలుగులో చదువుకొనే మన పిల్లలకు ఈ నమ్మకం పాఠ్యపుస్తకం కంటె తక్కువ అవసరమైనది కాదని మా అభిప్రాయం.

కనుక కళాశాల పాలకవర్గానికి మా మనవి స్వల్పమైనది. గ్రంథాలయంలో ఒక అద్దాల బీరువా ఇప్పించండి. ప్రతి విద్యార్థి తన ఇంటి నుండి ఒక పాత పనిముట్టో, ఉత్తరమో, వంటపాత్రో తెచ్చి, అది ఎవరిది, ఎట్లా వాడేవారు అన్నది పెద్దలనడిగి తెలుగులోను, ఉర్దూలోను వ్రాసిపెట్టాలి. శిలాజాలను పెళ్ళగించి తేనక్కరలేదు. కనబడిన చోటును వ్రాసి అధ్యాపకులకు తెలిపితే చాలు. వచ్చే యేడు మ్యూజియమునకు వెళ్ళేముందు ఒక గంట పాఠం, తిరిగివచ్చాక ఒక్కొక్క వస్తువును గూర్చి ఒక పుట వ్యాసం - ఈ రెండూ మేము చూచుకొంటాము.

విద్యార్థులారా! ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు అటకమీద ఏమున్నదో ఒకసారి చూడండి. తాతగారిని, నానమ్మగారిని అడగండి. ఆ కాతిబుగారి ఇంట ఒక్క కలమైనా మిగిలి ఉంటే, మన బీరువాలో మొదటి వస్తువు అదే కావాలని మా ఆకాంక్ష.