కృష్ణలో కలిసే వేడి

జి.కొండూరు మెట్టపొలాల్లో మామిడి తోటకైనా మిరప చేనుకైనా బోరే దిక్కు. ఆ బోర్లకు కరెంటు పుట్టే చోటు కూడా మరీ దూరం కాదు. జగదల్‌పూర్ రోడ్డు పట్టుకుని కొండపల్లి దాటితే ఇబ్రహీంపట్నం. 1979లో 210 మెగావాట్ల యూనిట్‌తో మొదలైన అక్కడి థర్మల్ కేంద్రానికి ఇప్పుడు నార్ల తాతారావు పేరు. పాత యూనిట్లలో కాలిన బొగ్గు శక్తి నూరు పాళ్లయితే కరెంటుగా మారేది సుమారు ముప్ఫై అయిదు. కొంత పొగగొట్టంలో పోగా, ఎక్కువ భాగం కండెన్సర్లలో ఆవిరిని చల్లార్చే కృష్ణ నీటిలో కలిసిపోతుంది.

ఇంత నష్టమా అని ఇంజనీర్లను నిందించి లాభం లేదు. 1824లోనే సాది కార్నో అనే ఇరవై ఎనిమిదేళ్ల ఫ్రెంచి యువకుడు దీని గుట్టు విప్పాడు. కింద పల్లం లేకపోతే చెరువు నీరు కదలనట్టే, చల్లని చోటికి దిగకుండా వేడి పని చేయదు. దిగిన వేడిలో కొంత ఆ చల్లని చోట జమ కావలసిందే. ఆవిరి 540 డిగ్రీలు, చల్లార్చే చోటు 40 డిగ్రీలు అనుకుంటే, ఒరిపిడి బొత్తిగా లేని యంత్రం కూడా నూటికి అరవై రెండు దాటలేదు. నిజం యంత్రానికి ఒరిపిడీ తప్పదు, తీగ వేడెక్కడమూ తప్పదు. 2023లో ఇక్కడే తోడైన 800 మెగావాట్ల కొత్త యూనిట్ లాంటివి ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి మీద నడిచి నలభై దరిదాపులకు వస్తాయి. అదే గొప్ప. ఇంధనం లేకుండా ఆగక తిరిగే చక్రాల ప్రతిపాదనలను ఇక పరిశీలించబోమని పారిస్ సైన్సు అకాడమీ 1775లోనే తేల్చేసింది. మన ఫోన్లలో మాత్రం కరెంటక్కర్లేని మోటారు వీడియోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి!

అయితే ప్రకృతి తీసుకునే వాటా వేరు, మన అశ్రద్ధ తినేది వేరు. కేంద్రం సొంత వాడకం, తీగల నష్టం పోను ఊరికి చేరిన కరెంటులో సగాన్ని పాత మోటారు, పంపు కలిసి వేడి చేసి పారేస్తాయి. బొగ్గులోని నూరు పాళ్లలో పదిహేను బోరు నీళ్లుగా పైకొస్తే ఎక్కువే. జగ్గయ్యపేట వైపు సిమెంటు బట్టీల్లో ముడిసరుకు 1450 డిగ్రీల దాకా కాగుతుంది. వాటి వేడి వాయువుల నుంచే కరెంటు తీసే ఏర్పాట్లు ఆ ప్రాంతంలో వచ్చాయి. ఫ్యాక్టరీకి కరెంటు బిల్లుంది కాబట్టి లెక్క చూసుకుంటుంది. రైతుకు 2004 నుంచి బిల్లు లేదు. ఉచిత విద్యుత్తును తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. మెట్ట రైతుకు అది ఊపిరి. కానీ ఆ పథకంతో పాటే చెప్పిన కెపాసిటర్లు, ఐఎస్‌ఐ మోటార్లు, ఒరిపిడి తక్కువ ఫుట్‌వాల్వుల మాట కాగితాల్లో మిగిలితే ఎలా? కాలిన మోటారుకు మళ్లీ మళ్లీ చుట్టించుకునే రైతు ఖర్చు కూడా ఈ అశ్రద్ధ లెక్కలోదే. వచ్చే రబీకి ముందే పంపిణీ సంస్థ ఊరూరా మోటార్లు పరీక్షించి, కెపాసిటర్లు దగ్గరుండి పెట్టించాలి.