కంప్యూటరు లక్షణపత్రములు – వార్తికధర్మము

వార్తికకారుని పని మూడు విధములని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మూలకారుడు చెప్పినదానిని పరీక్షించుట మొదటిది. అతడు చెప్పక విడిచినదానిని పూరించుట రెండవది. పొరపాటుగ చెప్పినదానిని దిద్దుట మూడవది. పాణిని సుమారు నాలుగువేల సూత్రములను రచింపగా కాత్యాయనుడు ఈ మూడు పనులను నిర్వహించెను. పతంజలి ఆ యిరువురి మాటలను తూచి మహాభాష్యమును సంతరించెను. మునిత్రయములో పూర్వునికంటె ఉత్తరుని మాటకు ప్రామాణ్య మధికమని వైయాకరణుల నిర్ణయము. అయినను కాత్యాయనుడు వచ్చినాడని అష్టాధ్యాయి నెవ్వరును చెరిపివేయలేదు. ఏది మారినది, ఏది నిలిచినది, ఏ కారణమున మారినది అను విషయములను నేటి విద్యార్థియు వరుసగ చదివి తెలిసికొనగలుగుచున్నాడు.

ఈ వార్తికధర్మము నేడు కంప్యూటరు విషయమున మిక్కిలి అవసరమై యున్నది. యంత్రమును నడిపించు ఆపరేటింగు సిస్టమును, అందు పుటలను తెరచి చూపు బ్రౌజరును వాని నిర్మాతలు తరచుగ మార్చుచుందురు. మార్పు జరిగిన ప్రతి పర్యాయమును నిన్న చక్కగ కనబడిన తెలుగుపుట నేడు చెడవచ్చును. నిన్న చెడినది నేడు చక్కబడవచ్చును. ఏ సిస్టముపై, ఏ బ్రౌజరులో, ఏ ఫాంటుతో ఏ గ్రంథము సరిగ చదువబడునో తెలుపు పత్రమును లక్షణపత్రమనవచ్చును. ఇట్టి పత్రములను వ్రాయుట, మార్పు వచ్చినపుడెల్ల వానిని సవరించుచుండుట యంత్రజ్ఞుల వృత్తి యనియు, పండితులకు దానితో ప్రసక్తి లేదనియు సామాన్యముగ తలంపబడుచున్నది. ఈ తలంపు సరియైనది కాదు. నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల ప్రాచ్యకళాశాలలకు ఇది స్వధర్మములోనిదే యగును.

ముందుగ ఒక ఉదాహరణమును చూడవలెను. 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరమొకటి ఐఫోనులను స్తంభింపజేయుచున్నదని లోకమంతట వార్త వ్యాపించినది. ఆ అక్షరము జ్ఞకారమునకు ఆకారము చేరిన రూపము. జ్ఞానశబ్దమునకు మొదటి అక్షరము. పత్రికలు తెలుగు లిపియే అపరాధి యైనట్లు వ్రాసినవి. తత్త్వము వేరు. శుద్ధముగ కూర్చిన జ్ఞానశబ్దము వలన ఏ దోషమును కలుగలేదు. జకారము, పొల్లు, ఞకారము చేరిన పిమ్మట, దీర్ఘచిహ్నమునకు ముందు, కంటికి కనబడని విభాజకచిహ్నమొకటి దూరినపుడే యంత్రము తబ్బిబ్బై ఆగిపోయినది. అన్యదేశ్యపదములలో పొల్లుహల్లును విడిగ నిలుపుటకు ఈ చిహ్నమును తెలుగువారు నిత్యము వాడుచునే యుందురు. సంయుక్తాక్షరమునకును దాని స్వరచిహ్నమునకును నడుమ దానికి పనిలేదు. అస్థానమున చేరిన చిహ్నమును సహింపజాలనిది ఆ యంత్రములోని అక్షరములను కూర్చు భాగమే.

ఆపిల్ సంస్థ 2018 ఫిబ్రవరి 19వ తేదీన ఐఓఎస్ 11.2.6 అను సవరణను విడుదల చేసి ఆ దోషమును తొలగించినది. సవరణ త్వరగ వచ్చినందుకు ప్రశంసింపవలసినదే. అయితే వాడుకరులకై దానితో వెలువడిన వివరణలో కొన్ని అక్షరక్రమముల వలన అనువర్తనములు ఆగిపోవు దోషము పరిహరింపబడినదని మాత్రమే యుండెను. ఏ భాష, ఏ అక్షరము, ఏ క్రమము అన్న మాట అందు లేదు. దానిని మాత్రమే చదివిన తెలుగు ఉపాధ్యాయునకు తన పాఠ్యములో జ్ఞానశబ్దము నిర్భయముగ వాడవచ్చునో కాదో తెలియదు. మూలదోషము దిద్దబడినది, కాని వార్తికము వ్రాయబడలేదు. చెప్పక విడిచినదానిని పూరించుట ఆ భాష నెరిగినవారికే మిగిలినది. సంయుక్తాక్షర స్వరూపమును వివరించుటకు వైయాకరణునికంటె యోగ్యుడెవ్వడు?

ఇక ఈ సీమ సంగతి. అలంపుర శాసనములు, పానుగంటి పచ్చల సోమేశ్వరాలయము, పిల్లలమఱ్ఱిలోని రేచెర్లవారి కట్టడములు, విద్వద్గద్వాలయని పేరొందిన సంస్థానపు సాహిత్యము – ఇవన్నియు ఈ రెండు ఉమ్మడి జిల్లాల సొత్తు. లక్షణగ్రంథరచనయు ఇచ్చట క్రొత్త కాదు. రసార్ణవసుధాకరమును రచించిన సర్వజ్ఞ సింగభూపాలుడు రాచకొండ నేలినవాడు. ఈ సంపదకు సంబంధించిన స్థలచరిత్రలు, వ్యాసములు, సంచికలు 1990ల నుండి కంప్యూటరుపై అక్షరబద్ధము లగుచు వచ్చినవి. చిక్కు అచ్చటనే మొదలైనది.

ఆనాటి అను, శ్రీలిపి మొదలైన ఫాంటుల పద్ధతిలో యంత్రము దాచుకొన్నది తెలుగు అక్షరమును కాదు. రోమను అక్షరమునకు కేటాయించిన స్థానమున తెలుగు తలకట్టునో, కొమ్మునో, వత్తునో చిత్రించి నిలిపిరి. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెలుగు కనబడును; అది లేనిచోట అర్థములేని రోమనులిపి మిగులును. ఒక్కొక్క ఫాంటు కూర్పు ఒక్కొక్క తీరు. ఏ ఫాంటుతో కూర్చిరో వ్రాసిపెట్టని ఫైలు, కుంచికయు టీకయు లేని గూఢలిపి వంటిది. అన్ని భాషల అక్షరములకును ప్రత్యేకస్థానము లిచ్చు యూనికోడు ప్రమాణము 1991లోనే తెలుగును చేర్చుకొన్నది; తెలుగునకు 128 స్థానముల గడిని కేటాయించినది. కాని అది సామాన్యుని బల్లమీదికి చేరుటకు పదియేండ్లు పట్టినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు లభించినది. అప్పుడును సంక్లిష్టలిపులకు కావలసిన భాగమును వాడుకరియే ప్రత్యేకముగ అమర్చుకొనవలసి యుండెను. అమర్చుకొననివారికి వత్తులు, గుణింతపు గుర్తులు విడివడి కనబడినవి. ఈ ఒక్క సూచన తెలిసినవాడు తెలుగు చదివినాడు. తెలియనివాడు యంత్రమునకు తెలుగు రాదని నిశ్చయించుకొన్నాడు. లక్షణపత్రములోని ఒక్క వాక్యమునకు గల విలువ ఇట్టిది.

బ్రౌజరుల చరిత్రయు ఇదే పాఠమును చెప్పుచున్నది. ఈనాడు మొదలైన పత్రికలు తమ తమ ఫాంటులతో అంతర్జాలమున వెలువడిన కాలమున, ఆ పుటలను యూనికోడులోనికి మార్చి చూపుటకు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరునకు పద్మ యను పొడిగింపు ఉపకరించినది. 2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57వ కూర్పు వచ్చి పాతపద్ధతి పొడిగింపులను విడిచిపెట్టినది. ఆ పద్ధతిలో నిర్మింపబడినవి తిరిగి వ్రాయబడిననే గాని నిలువలేని స్థితి యేర్పడినది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్ 15న విశ్రమించినది. దానికై కట్టిన పుటలను ఎడ్జ్ బ్రౌజరులోని ప్రత్యేకవిధానమున చూడవలసి వచ్చినది. 2014 ఏప్రిలు 8న ఎక్స్‌పీకి, 2025 అక్టోబరు 14న విండోస్ 10కి సాధారణ సంరక్షణ ముగిసినది. కాబట్టి ‘ఈ ఫైలు కంప్యూటరులో తెరచుకొనును’ అన్న వాక్యము కాలము చెప్పనిదైనచో ప్రమాణము కాజాలదు. ఏ యేటి కంప్యూటరులో తెరచుకొనును?

శాసనపాఠముల విషయమున ఈ అజాగ్రత్త మరింత హానికరము. ప్రాచీన శాసనములలో కనబడు ఴ అను అక్షరమునకు యూనికోడులో తెలుగుస్థానము 2014లో 7.0 కూర్పుతో వచ్చినది. నకారపొల్లునకు 2021లో 14.0 కూర్పుతో వచ్చినది. అంతకు ముందు యూనికోడులో పాఠము నెక్కించినవారు మొదటిదానికి మారుగ ళకారమునో డకారమునో, రెండవదానికి మారుగ సామాన్యమైన పొల్లునో వాడక తప్పినది కాదు. అది వారి దోషము కాదు. ఆనాటి పరికరముల పరిమితి. కాని ఆ మార్పును లక్షణపత్రమున తెలుపనిచో, ముప్పదియేండ్ల తరువాత చదువు పరిశోధకుడు ఆ ళకారము శాసనములోనిదే యని తలచి ధ్వనిపరిణామ సిద్ధాంతమునే నిర్మింపగలడు. శిలపై లేని అక్షరము చరిత్రలో స్థిరపడును. నల్లగొండ జిల్లా శాసనములను పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు సంపుటములుగ సంతరించిరి. అట్టి కృషిని యంత్రములోనికి దించునపుడు ఇట్టి కల్తీ చేరుట సహింపరానిది. నేడు స్థానము లభించినను, పాతఫాంటు గల ఫోనులో ఆ అక్షరము ఖాళీపెట్టెగ కనబడవచ్చును. పెట్టె కనబడినచోట లోపము పాఠమునదా, పరికరమునదా యని పత్రమే చెప్పవలెను.

దీనిపై పూర్వపక్షములు మూడు కలవు. ఈ పత్రములను నిర్మాతలే వ్రాయుదురు, ఇతరులకేల యనుట మొదటిది. నిర్మాత తన పరికరమును గూర్చి వ్రాయును. ఒక ప్రాచ్యకళాశాలలోని ఫలానా స్థలపురాణము దానిలో ఎట్లు కనబడునో అతడెరుగడు. జ్ఞకారము కథయే ఇందుకు నిదర్శనము. ఏటేట మారుదానికి పత్రము వ్రాయుట వృథాశ్రమ యనుట రెండవది. మారనిదానికి పత్రము అక్కరలేదు, మారునదగుటచేతనే వ్రాయవలెను. పంచాంగము ఏటేట మారునని ఎవ్వరును గణితమును మానలేదు. ఆంగ్లపత్రములున్నవి, అవి చాలుననుట మూడవది. ఆంగ్లపత్రమును చదువగలవాడు తెలుగు అక్షరభేదమును గుర్తింపలేకపోవచ్చును. గుర్తింపగల పండితునకు ఆంగ్లము అందకపోవచ్చును. ఉభయులకును సేతువు తెలుగుపత్రమే.

తెలుగుపత్రమనగా తెలుగులిపిలో వ్రాసిన సంకేతముల జాబితా కారాదు. పాణిని టి, ఘు, భ వంటి సంజ్ఞలను ప్రయోగించినను ప్రతిసంజ్ఞకును ముందుగ అర్థమును విధించినాడు. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి కాలమున ఈ సీమ రైతు తన పాసుపుస్తకములోని తప్పు దిద్దించుకొనుటకు టీఎం 33 అను సంఖ్యను కంఠస్థము చేసికొనవలసి వచ్చినది. పేరులోనో విస్తీర్ణములోనో తప్పున్నదని అతనికి తెలియును. ఆ సంఖ్య పుట్టుక మాత్రము అతనికి తెలియదు. 2025 ఏప్రిలు 14న దాని స్థానమున భూభారతి వచ్చినది. వ్యవస్థ మారినపుడు పాతసంజ్ఞ ఏమైనదో, దాని పని నేడెచ్చట జరుగునో తెలుపు వార్తికము రైతుకు అర్థమగు మాటలలో ఉండవలెను. లేనిచో పత్రముండియు లేనట్లే.

ఆచరణమున చేయవలసినది అపారమైన కార్యమేమియు కాదు. శాస్త్రారంభమున చెప్పు అనుబంధచతుష్టయమే ఇచ్చటను మార్గము చూపును. ఈ ఫైలులో నున్న గ్రంథమేది యనుట విషయము. చదువుటకా, ముద్రణకా, శోధనకా యనుట ప్రయోజనము. ఏ మూలప్రతినుండి, ఏ లిపిసంకేతములో, ఏ ఫాంటుతో ఎక్కింపబడినది యనుట సంబంధము. ఏ సిస్టము, ఏ బ్రౌజరు, వాని కూర్పుల సంఖ్యలేవి, పాఠకునకు కావలసిన పరిచయమెంత యనుట అధికారి నిర్ణయము. దీనికి పరీక్షించిన తేదీయు, పరీక్షించినవారి హోదాయు చేర్పవలెను. తాళపత్రప్రతుల తుదిలో లేఖకులు సంవత్సరమును, స్థలమును, తమ పేరును వ్రాసి తప్పులను మన్నింపుడని వేడుకొన్న సంప్రదాయమునకు ఇది అనుసరణమే.

పరీక్షకు ఏటేట వ్యాసపూర్ణిమ అనువైన దినము. గ్రంథములను విభజించి లోకమున కందించిన గురువును స్మరించు నాడు, కళాశాలలో నొక అధ్యాపకుడును ఇరువురు విద్యార్థులును కూర్చుండి, ఆ యేడు వచ్చిన క్రొత్త సిస్టముపై, క్రొత్త బ్రౌజరుపై కొన్ని పుటలు తెరచి చూడవలెను. జ్ఞ, క్ష్మ, ర్ధ్వ వంటి సంయుక్తములు, అరసున్న, ఱకారము, నకారపొల్లు సరిగ కనబడుచున్నవా యని మూలముతో సరిచూడవలెను. ఫలితమును పాతపత్రము క్రింద క్రొత్త తేదీతో చేర్పవలెను. పాతవాక్యమును కొట్టివేయరాదు, అది ఏ తేదీవరకు చెల్లినదో ప్రక్కన వ్రాయవలెను. పాతయంత్రము మీదనే పనిచేయువారు గ్రామములలో ఇంకను కలరు. వారికి ఆ వాక్యమే ఆధారము.

పొరుగున మెదకు సీమలోని కొల్చారమునకు చెందిన మల్లినాథసూరి తన వ్యాఖ్యలలో మూలమున లేనిది వ్రాయననియు, అపేక్షితము కానిది చెప్పననియు నియమము పెట్టుకొన్నాడు. లక్షణపత్రములు వ్రాయువారికి అంతకు మించిన నియమము లేదు. పరీక్షింపనిదానిని పనిచేయునని వ్రాయరాదు. పాఠకునకు పనికిరాని పదాడంబరమును చేర్పరాదు. ఈ రెండింటిని పాటించి నాలుగు వాక్యములు వ్రాసినను అది ప్రమాణమగును.

చెదలు తాళపత్రమును తిన్నపుడు రంధ్రము కంటికి కనబడును. పండితుడు దుఃఖించి మరియొక ప్రతికై వెదకును. యంత్రములో నశించు గ్రంథమున కట్టి రంధ్రము లేదు. ఫైలు ఉండును, పేరు ఉండును, పరిమాణము ఉండును. తెరచిన నాడు మాత్రమే అక్షరము లేదని తెలియును. ఆనాటికి దానిని కూర్చినవారును ఉండకపోవచ్చును. 1990లలో కూర్పుపని చేసినవారు పలువురు నేడును ఈ ప్రాంతములలో ఉన్నారు. ఏ సంచిక ఏ ఫాంటులో కూర్చిరో వారికి జ్ఞాపకమున్నది. వారినడిగి వ్రాసికొనుటకు అదను ఇదియే.