పై నుంచి కిందికి

కోయంబత్తూరు పక్కన ఇరుగూరు, సూలూరు వైపు తెలుగు ఇళ్లలో ఒక కుర్రాడు పరీక్షకు తయారవుతున్నాడంటే, చేతిలో పుస్తకమే ఉండాలని లేదు. రెండు పైపు ముక్కలు ఎదురెదురుగా బిగించి, నడుమ ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు వదిలి, దాన్ని అతకడమే అతని చదువు కావచ్చు. కొచ్చి నుంచి ఇరుగూరు మీదుగా కరూరు దాకా భూమి లోపల పెట్రోలు, డీజిలు మోసే గొట్టం పోతోంది. అలాంటి లైన్ల మీద పనికి డౌన్‌హిల్ వెల్డింగ్ పరీక్ష గట్టెక్కాలి.

పైపు కదలదు, మనిషే దాని చుట్టూ తిరగాలి. గడియారం లెక్కన పైన పన్నెండు దగ్గర మొదలుపెట్టి, కింద ఆరు దాకా దిగాలి. తర్వాత రెండో పక్క. నాలుగు దాటాక నడుం వంచి, మెడ తిప్పి, నెత్తి మీద రాలే నిప్పురవ్వల కింద చెయ్యి వణకకుండా ఉంచాలి. ఉదయం బయల్దేరేటప్పుడు అవ్వ "రెండు ముద్దలు తిని పోరా నాయనా" అంటుందే, ఆ మాట విలువ అక్కడ తెలుస్తుంది.

నాకు ఇందులో అన్నిటికన్నా కష్టమనిపించేది వేరే ఉంది. బాయిలర్ పనిలో ఆరితేరిన చేతికి కింది నుంచి పైకి పోవడం అలవాటు. కరిగిన లోహం అప్పుడే గట్టిపడిన దాని మీద కూర్చుంటుంది, కాస్త నిదానించవచ్చు. పై నుంచి దిగేటప్పుడు ఆ వెసులుబాటు లేదు. చెయ్యి మందగిస్తే స్లాగ్ అనే మడ్డి ముందుకు జారి అతుకులో ఇరుక్కుంటుంది. రాడ్ల తీరూ వేరే. బాయిలర్ పనిలో వాడే తక్కువ హైడ్రోజన్ రాడ్లను ఓవెన్‌లో వేడిగా దాచుకోవాలి. డౌన్‌హిల్ రాడ్ల పూతలో ఉన్న సెల్యులోజుకు కొంచెం తేమ కావాలి, ఓవెన్‌లో కాలిస్తే చెడిపోతాయి. ఇన్నేళ్లు ఒద్దికగా నేర్చుకున్న మంచి అలవాటే ఇక్కడ అడ్డొస్తుంది. దాన్ని మరవడానికి ఎంత ఓపిక కావాలో, చేసినవాళ్లనే అడగాలి.

అతుకులో మొదటి వరస రూట్. అది చల్లారకముందే హాట్ పాస్, ఆపైన ఫిల్లింగ్, చివర క్యాపింగ్. పైకి కనిపించేది క్యాపింగ్ ఒక్కటే. పరీక్షలో మాత్రం పైపును పట్టీలుగా కోసి, కొన్నిటిని రూట్ బయటికి వచ్చేలా వంచుతారు. అతుకు నడుమ 3 మిల్లీమీటర్లకు మించి పగులు కనబడితే తప్పినట్టే.

ఇలా చేతికి కొత్త దారి నేర్పుకోవడం ఈ ప్రాంతపు తెలుగువాళ్లకు ఇప్పటిది కాదు. 16వ శతాబ్దంలో మదురైలో నాయకుల పాలన మొదలయ్యాక ఎందరో దక్షిణానికి వచ్చి నల్లరేగడిలో పత్తి పండించారు. ఆ పత్తి చేతులే తర్వాత మిల్లు యంత్రాలు పట్టాయి. కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ 1910లో పుట్టింది. కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు బడి చదువు చిన్నప్పుడే వదిలేశారు. హోటల్లో సర్వరుగా పని చేసి కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిలు కొని, విప్పి, మళ్లీ బిగించి యంత్రం నేర్చుకున్నారు. డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఆయన 1937లో చేసిన విద్యుత్ మోటారే దేశంలో తొలిదని చెబుతారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పట్టడలో యంత్రం: ఆ ఇళ్ల పిల్లలు మూడూ కలిపే నేర్చుకున్నారు.

మీ బంధువుల్లో ఎవరైనా ఈ పరీక్షకు పోయి వస్తే, పాసా ఫెయిలా అని వెంటనే అడక్కండి. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, రూట్ ఎలా వచ్చిందో అడగండి. చెప్పడానికి అతని దగ్గర చాలా ఉంటుంది.