నర్సుకు చదువు సరే, సమయమేదీ?

నర్సుగా రిజిస్టరైనవారు అయిదేళ్లకోసారి తమ రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకోవాలని, అందుకు ఆ అయిదేళ్లలో 150 గంటల నిరంతర విద్య పూర్తి చేసి ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ నిర్దేశించింది. ఏడాదికి 30 గంటలన్నమాట. నియమం సమంజసమైనదే. అయితే ఆ గంటలు ఆసుపత్రి ఖాతాలోనివా, నర్సు ఖాతాలోనివా అన్న ప్రశ్నను మాత్రం ఎవరూ తేల్చలేదు. తేల్చని ప్రశ్నలన్నీ చివరకు బలహీనుల నెత్తిన పడినట్లే ఇదీ నర్సు నెత్తినే పడుతున్నది.

చదువు అనవసరమని వాదించేవారు ఈ వృత్తి ఎంత మారిందో గమనించినట్లు లేదు. మూడు దశాబ్దాల క్రితం శిక్షణ పొందిన నర్సుకు గాజు సిరంజిలను మరగబెట్టి వాడటం నేర్పారు. ఆసుపత్రి వ్యర్థాలను వేరుచేయడానికి చట్టబద్ధమైన నియమాలు 1998లో వచ్చాయి. 2016లో వాటి స్థానే కొత్త నియమాలు వచ్చి ఏ వ్యర్థం ఏ రంగు సంచిలోకి వెళ్లాలన్న వర్గీకరణే మారిపోయింది. గుండె ఆగిన రోగికి ముందు శ్వాసమార్గం, ఆ తరువాతనే ఛాతీపై ఒత్తిడి అన్న పాత క్రమాన్ని 2010లో తలకిందులు చేశారు. పాత క్రమమే జ్ఞాపకమున్న నర్సు చేతిలో పోయే ఆ కొద్ది క్షణాలకు మూల్యం చెల్లించేది రోగి. కనుక ఒకసారి పుచ్చుకున్న డిప్లొమా జీవితాంతం చెల్లుతుందన్న భావన ఎప్పుడో పోవలసింది.

పునరుద్ధరణకు మరొక ప్రయోజనం కూడా ఉన్నది. దేశంలో రిజిస్టరైన నర్సింగ్ సిబ్బంది 33 లక్షలకు పైబడి ఉన్నారని కేంద్రం 2022 చివరి లెక్కల ఆధారంగా పార్లమెంటుకు తెలిపింది. వెయ్యి జనాభాకు ఇద్దరు కూడా లేరని ఆ లెక్కే చెబుతున్నది. ఆ రిజిస్టర్లలో వృత్తి మానుకున్నవారు, గల్ఫ్‌కో బ్రిటన్‌కో వెళ్లిపోయినవారు, కాలం చేసినవారు కూడా కలిసి ఉన్నారు. ఒకసారి ఎక్కిన పేరును తీసివేసే ఏర్పాటు లేనప్పుడు రిజిస్టరు పెరగడమే గాని తరగడం ఉండదు. ఆధార్‌తో ముడిపడిన జాతీయ గుర్తింపు సంఖ్యను ప్రతి నర్సుకూ ఇచ్చి, వాస్తవంగా పనిచేస్తున్నవారి పట్టిక తయారు చేయాలన్న ప్రయత్నం ఇందుకే ఆరంభమయింది.

ఇక నర్సు పక్షాన చూడాలి. వైద్యునికి ఇదే విధమైన నిరంతర విద్యను భారత వైద్య మండలి 2002 నాటి నియమావళిలో అయిదేళ్లకు 30 గంటలుగా నిర్ణయించింది. నర్సుకు 150! జీతంలో, హోదాలో, సెలవు దొరికే తీరులో ఎంతో ఎత్తున ఉన్నవారికంటే అయిదు రెట్లు అధికంగా చదవమని కింది మెట్టుపై ఉన్నవారికి చెప్పడం విడ్డూరం. నర్సుకు గంటలు తగ్గించాలని కాదు, వైద్యునికి పెంచినా అభ్యంతరం లేదు. కాని చదవమన్నవారు చదివే వీలు కూడా కల్పించాలి గదా!

ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల వేతనాలపై 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట ఏర్పడిన కమిటీ, 50 పడకలలోపు ఆసుపత్రిలో సైతం నెలకు 20 వేల రూపాయలకు తగ్గరాదని, 200 పడకలు మించినచోట ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమలు కోసం నర్సులు పలు రాష్ట్రాలలో వీధికెక్కవలసి వచ్చింది. అటువంటి జీతంపై బతికేవారు వారానికొకటిగా దొరికే ఆఫ్‌ను వదులుకుని, సెమినార్ రుసుమును, రానుపోను ఛార్జీలను తామే భరించి గంటలు కూడబెట్టుకోవాలి. నైట్ డ్యూటీ దిగి నేరుగా సభామందిరానికి వచ్చి కూర్చున్న మనిషి తలకు ఎంత ఎక్కుతుందో ఊహించడం కష్టం కాదు.

నిజానికి ఆసుపత్రులపై పడే భారం ఎంత? ఏడాదికి 30 గంటలంటే ఎనిమిది గంటల డ్యూటీలు నాలుగు కూడా కావు. నూరుగురు నర్సులున్న ఆసుపత్రిలో అవన్నీ కలిపితే 375 డ్యూటీలు. ఏడాదికి మూడు వందల రోజులు పనిచేసేవారు ఒకరో ఇద్దరో అదనంగా ఉంటే సరిపోతుంది. నూటికి ఒకరిద్దరిని నియమించుకోలేని యాజమాన్యం రోగుల భద్రత గురించి గోడలకు బోర్డులు తగిలించుకోవడం దేనికి?

బ్రిటన్‌లో 2016 నుంచి నర్సులు మూడేళ్లకోసారి పునర్ధ్రువీకరణ పొందుతున్నారు. అక్కడ అడిగే చదువు 35 గంటలే. దానితోపాటు 450 గంటలు వృత్తిలో పనిచేసినట్లు చూపాలి. అంటే వార్డులో చేసిన పనికి విలువ ఉన్నది. ఆ మూడేళ్లలో తన పనిపై వచ్చిన అభిప్రాయాలను, తాను గ్రహించిన పాఠాలను నర్సు రాసుకుని, మరొకరితో చర్చించాలి. గంటలు మాత్రమే లెక్కించేచోట గంటలను అమ్ముకునేవారు పుట్టుకొస్తారు. సంతకం పెట్టి, భోజనం చేసి, ధ్రువపత్రంతో ఇంటికి చేరే సెమినార్లను విద్య అనలేం.

దూరం, ఖర్చు అన్నవి దాటరాని అడ్డంకులేమీ కావు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ విధులలోని సిబ్బంది కోసం కేంద్రం కొద్ది రోజులలోనే ఆన్‌లైన్ శిక్షణ వేదికను సిద్ధం చేయగలిగింది. అదే మార్గంలో సిద్ధాంత పాఠాలను తెలుగుతో సహా ప్రాంతీయ భాషలలో ఉచితంగా అందించవచ్చు. చేతితో నేర్వవలసినవాటిని వార్డులోనే, డ్యూటీ వేళల్లోనే సీనియర్ నర్సుల చేత నేర్పించవచ్చు.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానే జాతీయ నర్సింగ్, ప్రసూతి సేవల కమిషన్‌ను నెలకొల్పే చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. దాని కింద జాతీయ కమిషన్‌తోపాటు రాష్ట్రాలలోనూ కమిషన్లు ఏర్పడాలి. చట్టం స్థూలరూపం మాత్రమే. నర్సు అనుభవించేది దాని కింద రాసే నిబంధనలను. నిరంతర విద్యా గంటలను డ్యూటీగా పరిగణించాలని, ఆ రోజు జీతం కోయరాదని, రుసుమును యాజమాన్యమే చెల్లించాలని మూడు వాక్యాలు వాటిలో చేర్చడానికి పైసా ఖర్చు లేదు. ఆసుపత్రికి అనుమతి ఇచ్చేటప్పుడు, దానిని పునరుద్ధరించేటప్పుడు ఎందరు నర్సులకు ఎన్ని గంటల శిక్షణ ఇచ్చారో అధికారులు అడిగితే చాలు, సగం పని దానంతటదే జరుగుతుంది.