పాత కుట్టు, మన కొలత

వార్షికోత్సవ సంచిక అనగానే మన వసతిగృహంలో ప్రపంచీకరణ మీద ఒకటి, వరకట్నం మీద ఒకటి, పర్యావరణం మీద ఒకటి వ్యాసాలు తప్పకుండా వస్తాయి. అవన్నీ అవసరమే. కానీ రోజూ మన ఒంటిమీద ఉండే చొక్కా గురించి ఎవరూ రాయరు. ఈ వసతిగృహంలో చదివి పైచదువులకు వెళ్లిన మేము దాని గురించే రాస్తున్నాం. చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, నవ్వుకున్నా ఫరవాలేదు, చివరిదాకా చదవండి.

మేము అనేది ఇది. మనలో ప్రతి ఒక్కరూ, మగపిల్లలతో సహా, తమ రోజువారీ చొక్కా ఒకటైనా చేత్తో కుట్టుకోవడం నేర్చుకోవాలి. అదీ కుట్టుమిషను పుట్టకముందు మనుషులు కత్తిరించుకున్న పద్ధతిలో.

ఐరోపా, అమెరికాల్లో కొందరు మధ్యయుగాల పద్ధతిలో లినెన్ బట్ట కత్తిరించి, మిషను ముట్టకుండా చొక్కాలు కుట్టుకుంటున్నారు. నాటకాలకో ఉత్సవాలకో దాచుకోకుండా పనికీ బజారుకూ అవే వేసుకు తిరుగుతున్నారు. లినెన్ అంటే మనకు పట్నం షోరూముల్లో అద్దాల వెనక ఉండే ఖరీదైన బట్ట. నిజానికి అది అవిసె మొక్క కాండంలోంచి తీసిన నార. తెలుగు బైబిలులో సన్నపు నార అని వచ్చేది ఇదే. మన దగ్గర గోగును కోసి, కట్టలు కట్టి చెరువులో నానేసి, కుళ్లాక నార ఒలిచినట్టే అక్కడ అవిసెను నానబెట్టి నార తీస్తారు. గోగు నానేసిన చెరువు వాసన తెలిసిన విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు లినెన్ గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. (2022 నుంచి మనది మన్యం జిల్లా అయినా ఆ వాసన మారలేదు.)

నారబట్ట మన కొండలకూ కొత్తది కాదు. గదబ స్త్రీలు అడవి పొదల నార తీసి, తామే నేసుకున్న చారల బట్ట కట్టేవారని ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ఉంది. ఒడిశా వైపు దాన్ని కెరంగ్ అంటారు. పాచిపెంట, సాలూరు మండలాల్లో గదబలు ఉన్నారు. వాళ్లిప్పుడు సంతలో కొన్న చీరలే కడుతున్నారు. అందుకు వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నార ఒలిచి, నేసి ఒక బట్ట తయారుచేయడానికి పట్టే రోజులు లెక్కపెట్టనివాళ్లే "అయ్యో, మన సంప్రదాయం పోయింది" అంటారు. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం నాడు స్టేజీ మీద వేషం కట్టించి, ఫొటో తీసుకుని, మర్నాడు మరచిపోయే ప్రేమ అది.

అయితే పాత చొక్కా ఎందుకు? దాని కత్తిరింపు కోసం. ఇప్పటి చొక్కాకు భుజం దగ్గర, చంక దగ్గర, మెడ దగ్గర వంపులు తిప్పి కత్తిరిస్తారు. వంపు తిప్పిన ప్రతిచోటా పేలికలు మిగులుతాయి. దారం చేత్తో వడికి, బట్ట చేత్తో నేసిన కాలంలో ఒక పేలిక అంటే ఎవరిదో పూట కష్టం. అందుకే అప్పటి వాళ్లు అంతా నిలువుగా, అడ్డంగానే కత్తిరించారు. ఒక పొడవాటి ముక్క భుజాల మీదుగా మడిస్తే ముందు, వెనక అయిపోతాయి. మధ్యలో తల పట్టేంత కంత. రెండు నలుచదరపు ముక్కలు చేతులు. పక్కల్లో అడుగుకు వెడల్పు రావడానికి త్రికోణపు ముక్కలు. చంక కింద బెత్తెడు చదరపు ముక్క ఒకటి, మూలమీదికి తిప్పి. ఐరోపా రైతు లినెన్ చొక్కా ఇంతే. మన పెద్దవాళ్ల లాల్చీ కూడా ఇంతే. రెండు దేశాల వాళ్లు ఒకరినొకరు చూసి నేర్చుకున్నారో లేదో గానీ, బట్ట విలువ తెలిసిన చేతులు ఒకే దారిన నడిచాయి.

ఆ చంక కింది ముక్క దగ్గర కాసేపు ఆగాలి. మన వసతిగృహాల పిల్లల చొక్కాలు ముందుగా చిరిగేది అక్కడే. యూనిఫాం తరగతిని బట్టి కుట్టి వస్తుంది, ఒంటిని బట్టి కాదు. జూన్‌లో వదులుగా ఉన్నది జనవరికి బిగిసిపోతుంది. చేయి పైకెత్తగానే చంక పటుక్కుమంటుంది. ఆ తర్వాత ఏమవుతుందో మనందరికీ తెలుసు. ప్రేయర్‌లో చేతులు ఒంటికి ఆనించుకుని నిలబడతాం. క్లాసులో జవాబు తెలిసినా చేయి ఎత్తం. మాస్టారు ఏమో వీడికి రాదు అనుకుంటారు. చిరుగు వల్ల నోరు మూసుకున్న పిల్లలు ఎంతమందో మేము లెక్క చెప్పలేం, మాలోనే ముగ్గురున్నారు. ఆ బెత్తెడు ముక్క ఉంటే చేయి ఎంత ఎత్తినా బట్ట లాగదు. కింద నాలుగు వేళ్ల వెడల్పు మడత లోపలికి పెట్టుకుంటే ఎదిగిన కొద్దీ విప్పుకోవచ్చు. గుండీలకు బదులు బొందులు పెట్టుకుంటే బండకేసి బాదినా పగిలేది ఏమీ లేదు.

ఇక్కడ మా మిత్రులే ఒక ప్రశ్న వేశారు. "పాతకాలం బట్టలంటారేమిటి? పాతకాలంలో మనకు బట్టలెక్కడివి?" ఈ ప్రశ్న దాటేసి వెళ్లిపోవడానికి వీల్లేదు. లేపాక్షి గుడి కప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాల్లో పొడవాటి తెల్లని కబాయిలు తొడిగి, ఎత్తు కుళ్లాయిలు పెట్టుకున్న మనుషులు కనిపిస్తారు. అంతకు ముందు శతాబ్దంలో శ్రీనాథుడు హంపీ విజయనగరం కొలువుకు వెళ్లి (మన విజయనగరం కాదు) కుళ్లాయి, కూర్పాసం తొడుక్కోవలసి వచ్చిందని విసుక్కుంటూ చెప్పినట్టు చాటుపద్యం ఉంది, తెలుగు మాస్టారిని అడిగితే రాగం తీసి చదువుతారు. అందంగానే ఉంటుంది. కానీ లేపాక్షి కప్పు మీద మన తాతముత్తాతలు లేరు.

ఎవరు ఏం తొడగాలో శాసించడం మన దేశానికే పరిమితం కాదు. ఇంగ్లండులో 1363లో ఏ అంతస్తు వాళ్లు ఏ ధర బట్ట కట్టాలో చట్టం చేశారు. తిరువాన్కూరులో నాడారు స్త్రీలు ఛాతీ కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు పోరాడితే 1859లో రాజాజ్ఞ వచ్చింది. అదీ పై కులాల స్త్రీల మాదిరిగా కప్పుకోకూడదనే మెలికతో. గాంధీజీ 1921లో మదురైలో చొక్కా విడిచి కొల్లాయి కట్టారు. విడవడానికి ఆయనకు చొక్కా ఉంది. అంబేడ్కర్ గారు సూటు వేసుకున్నారు. మన పేటల్లో నీలం సూటుతో నిలబడిన ఆయన విగ్రహం ఎందుకు అలా ఉందో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మా నాయనల తరానికి ఇస్త్రీ చేసిన ప్యాంటు, షర్టు అంటే ఊళ్లో తల ఎత్తుకుని నడవడం. దాన్ని మేము తక్కువ చేయం. ఇంటర్వ్యూకు మేమూ ప్యాంటు షర్టుతోనే వెళ్తాం.

అందుకే మేము కబాయి, కుళ్లాయి తిరిగి రావాలనడం లేదు. పాతకాలపు శాసనం దానితోనే పోనీ, కత్తెర తెలివి మాత్రం మనం తీసుకుందాం. లినెన్ చొక్కాలు కుట్టుకునే ఆ విదేశీయులు కూడా 1363 నాటి చట్టాన్ని ఒప్పుకుని కుట్టడం లేదు కదా.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. చదువుకోమని పంపితే సూది పట్టిస్తారా అని తల్లిదండ్రులు అడగవచ్చు. 1953లో మన ఉత్తరాంధ్ర ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగా రాజాజీ ఒక పథకం పెట్టారు. పిల్లలకు బడి కొంతసేపు, మిగతా సమయం ఇంటి దగ్గర తల్లిదండ్రుల వృత్తి. కులవృత్తి చదువు అని జనం తిరగబడ్డారు. 1954లో కామరాజ్ వచ్చాక అది రద్దయింది. ఆ తిరుగుబాటు న్యాయమైనదని మా అభిప్రాయం. కానీ ఒకరు నెత్తిన రుద్దిన పని వేరు, ఆదివారం మధ్యాహ్నం మనకోసం మనం చేసుకునే పని వేరు. ఈ కుట్టు ఏ ఒక్క కులానికీ చెందదు, దీంతో మార్కులు రావు, ఉద్యోగమూ రాదు. వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. టీవీ గదిలో పోయే రెండు గంటల్లోంచి ఒక గంట అంతే.

కుట్టంటే ఆడపిల్లల పని అనే మాట కూడా ఇక చాలించాలి. బాలికల వసతిగృహంలో కుట్టు నేర్పుతారు, బాలుర వసతిగృహంలో క్యారమ్ బోర్డు ఇస్తారు. బజారులో దర్జీ కొట్టు నడిపేది మాత్రం ఎక్కువగా మగవాళ్లే. డబ్బు వచ్చే చోట మగవాడి పని, ఇంట్లో ఊరికే చేసే చోట ఆడదాని పని!

మిషను మీద మాకు కోపం లేదు. 1831లో పారిస్‌లో దర్జీలు తిమోనియే అనే ఆయన కుట్టుమిషన్లను విరగ్గొట్టారు. పొట్ట కొడుతుందని వాళ్ల భయం. మనకు ఆ భయం లేదు. మిషను గంటలో కుట్టేది చేత్తో కుడితే మాకు పదిహేను గంటలు దాటింది, నాలుగు ఆదివారాలు పట్టింది. కానీ మిషను ట్రంకుపెట్టెలో పట్టదు, సూది పడుతుంది. దారానికి తేనెమైనం రాస్తే చిక్కుపడదు, నీళ్లకు త్వరగా చివకదు. ఒక కుట్టు ముందుకు వేసి, సగం వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు వెళ్తే, ఒకచోట దారం తెగినా అక్కడితో ఆగుతుంది. అతుకు దగ్గర ఒక అంచును రెండో అంచు లోపల దాచి, మడిచి మళ్లీ కుట్టాలి. అప్పుడు పీచు లేవదు. ఈ మూడూ వస్తే చొక్కా వచ్చినట్టే.

బట్ట సంగతి. లినెన్ మన చేతికి అందదు. పక్క జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికి నేసే సన్నఖద్దరు దానికి ఏ మాత్రం తీసిపోదు, కానీ అదీ మన స్కాలర్‌షిప్పులో రాదు. ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో కొనాలని మాలో ఒకరు ఎప్పటినుంచో చెప్తున్నారు, చూద్దాం. ఇప్పటికి పాత పంచె చాలు. నెరిసిన పంచె మెత్తగా ఉంటుంది, సూది సులువుగా దిగుతుంది, పాడైనా బాధ ఉండదు.

దసరా సెలవులకు ముందు ఆదివారం మేము వసతిగృహానికి వస్తాం. సూదులు, దారం, మైనం ముద్ద, రెండు కత్తెరలు మేము తెస్తాం. పంచె మీరు తెచ్చుకోండి. ఎవరైనా కొత్త బట్ట తెస్తే ముందు రాత్రి నానేసి ఆరేసి తేవాలి, లేకపోతే కుట్టిన తర్వాత కుదించుకుపోతుంది. టేపు అక్కర్లేదు, జానతో కొలుద్దాం.