పేరు తర్వాత, ఊపిరి ముందు

పెంపుడు ఎలుక కంటి చుట్టూ ఎర్రగా కనబడగానే రక్తమని హడలిపోతాం. చాలాసార్లు అది పోర్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం ఉన్న స్రావం. ఒంట్లో నలతకో, బెదురుకో గుర్తు. ఏ జబ్బో మాత్రం చెప్పదు. ఊపిరితిత్తుల్లో మైకోప్లాస్మా బ్యాక్టీరియానా, మెదడు అడుగున పిట్యూటరీ కణితా? ప్రయోగశాలలు ఇంతగా శోధించిన ప్రాణి కూడా ఇంట్లో జబ్బుపడితే, రోగం పేరు తేలకుండానే పోవచ్చు. నన్నడిగితే ఆ పేరు కోసం పరుగు తగ్గించమంటాను. రెండు మూడేళ్ల ఆయుష్షులో వారమంటే మాటలా? పరీక్ష మీద పరీక్షకు తిప్పేకంటే, రోజూ వంటింటి కాటా మీద తూచి గ్రాములు రాసుకోండి. గింజను ముందుకాళ్లతో పట్టుకోగలుగుతోందో లేదో చూడండి. పశువైద్యుడి ముందు ఆ కాగితం పెట్టండి. పేరు తెలియకపోయినా ఊపిరాడేలా, నాలుగు మెతుకులు దిగేలా, నొప్పి తగ్గేలా చూడొచ్చు. అసలు జబ్బేమిటన్నది తర్వాతైనా తెలుసుకోవచ్చు.